మంచినీళ్లు

కొండల్లో పుట్టినదాన్ని.
ఆవు ఈనలేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుసు,
మంచు పడే ముందు గాలి ఎట్లా మారుతుందో తెలుసు.
సముద్రం మాత్రం పెళ్లితో వచ్చింది నాకు,
షుర్షో వాళ్లమ్మతో పాటు.

దోసిందా మాట్లాడదు.
రెండేళ్లకి నా పేరిట లైసెన్సు కార్డు వచ్చింది.
వంటింటి గోడ మీద ఆటుపోట్ల కేలండర్‌లో
ఒక తేదీకి పెన్సిలుతో సున్నా చుట్టింది.
ఆ రోజు తెల్లారగట్ట నా తలుపు మీద రెండు దెబ్బలు.
అదే పిలుపు.

నీళ్లు వెనక్కి తీసిన మేరంతా
ఊరి ఆడవాళ్లు వంగి ఉన్నారు.
గలీసియా చలి, నుదుటికి కట్టిన దీపాలు,
బురదలోంచి బూటు లాగినప్పుడల్లా
ముద్దు పెట్టినట్టు ఒక చప్పుడు.
"కళ్లు చూడు" అంది.
ఎవరి కళ్లు?
ఇసకలో పక్కపక్కన రెండు చిల్లులు,
దబ్బనంతో పొడిచినట్టు.
జానెడు కింద
వాటితో ఊపిరి పీల్చుకుంటూ ఒక గుల్ల.

గొర్రు గుచ్చకు, గీరు.
పగిలింది బతకదు.
ఇనప కంతలోంచి జారిపోయిన పిల్లవాటిని
తిరిగి బురదకే అప్పగించు.
ఇన్ని మాటలు ఆమె నోట వినడం
నాకు అదే మొదలు.

వేలంపాటకి పోగా
ఇంటికి మిగిలింది పావు బకెట్టు.
నడుం పట్టేసి ఆమె పడుకుంది.
నేను వాటి ముందు గొంతుక్కూచున్నాను.
చిప్పల నడుమ సన్నటి సందు,
తెల్లటి నాలుక కొసలు బయటికి.
దాహమేస్తోంది కాబోలు, పాపం.
మా కొండల్లో గడప తొక్కిన ఎవరికైనా
ముందు చేతికిచ్చేది మంచినీళ్లే.
కుళాయి తిప్పాను. నిండా పోశాను.
పిల్లి భయానికి మూత కూడా పెట్టాను.

పొద్దున
అన్నీ నోళ్లు తెరిచేసి ఉన్నాయి.
దోసిందా స్టూలు లాక్కుని కూచుంది.
ఒక్కోదాన్నీ తీసి
వేలి కణుపుతో తట్టింది. టక్.
ఆగింది. పక్కన పడేసింది.
టక్.
నూట పన్నెండు.
ఒక్కటీ పలకలేదు.
తిట్టినా బావుండేది.
"మంచినీళ్లు పోశావు" అంది,
అంతే.

తర్వాతి ఆటుకి ఇంకో బకెట్టు ఇచ్చింది,
సముద్రం నీళ్లకి.
అందులో నాలుగు గంటలు. ఇసక కక్కుకుంటాయి.
కక్కిందే మళ్లీ మింగకుండా అడుగున జల్లెడ.
ఆ తర్వాత ఆ నీళ్లూ వద్దు:
వాటిలోనే ముంచి పిండిన పాత దుప్పటి ముక్క,
తట్ట, ఫ్రిజ్‌లో కింది అర,
పాల పక్కన.
కవరు కట్టకు. మూత పెట్టకు.
గుడ్డ ఆరనివ్వకు.
రెండు రోజులు. చలి బాగుంటే మూడు.
అంతకుమించి ఆశపడకు.
"తడితే మూసుకోవాలి. మూసుకుందా, ఉన్నట్టు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
షుర్షో ఉత్తరాన ఎక్కడో పడవలో,
వారంగా ఫోను లేదు.
వంటింట్లోకెళ్లి ఫ్రిజ్ తెరిచాను.
ఆ పసుపు వెలుగులో గుడ్డ ఎత్తి
ఒకదాన్ని తట్టాను.
మెల్లగా, నిద్ర చెడగొట్టానని విసుక్కున్నట్టు,
మూసుకుంది.
ఇంకోటి. అదీ.

మనుషుల ఇళ్లయితే
తలుపు తీస్తేనే కదా లోపల ఎవరో ఉన్నట్టు.

వెనక గుమ్మంలో ఆమె,
నడుముకి వేడినీళ్ల సంచీ పట్టుకుని.
ఎంతసేపట్నుంచి ఉందో.
"అన్నీ ఉన్నాయి" అన్నాను.
"మీకు నొప్పి తగ్గిందా?"

ఏమడిగినా చేసినట్టే
పెదవులు బిగించుకుంది.
ఫ్రిజ్ తలుపు వెయ్యమని చెయ్యి ఊపి
తన గదిలోకి వెళ్లిపోయింది.

నేను వేశాను,
నవ్వొస్తుంటే.